అంచు లేని పలక

బీరువా ఇంకా హాల్లోనే నిలబడి ఉంది. వచ్చిన రోజు నుంచీ ఆ ఇంట్లో అందరూ దాని పక్కగా ఒళ్ళు ముడుచుకుని నడుస్తూ, తప్పెవరిదో తేల్చే పనిలో ఉన్నారు.

పెద్దకొడుకు వాదన ఒక్కటే. తను కొలిచాడు, సరిపోయింది. పడకగది నేల మీద సుద్దముక్కతో గీసిన నలుచదరం ఇంకా చెరగలేదు. అనుమానమున్నవాళ్ళు టేపు తీసుకెళ్ళి చూసుకోవచ్చు. బీరువా అడుగు ఆ గీతల మధ్య వేలెడు సందు మిగిలేలా కూర్చుంటుంది. అదీ నిజమే. కాకపోతే సరిగ్గా ఆ గీతల పైన గోడలోంచి అటక ముందుకు పొడుచుకొచ్చి ఉంది. బీరువా నెత్తి దానికి కొట్టుకుంటుంది. అటక నేల మీద లేదు కనక పెద్దకొడుకు కొలతలోకి రాలేదు.

ఆవేళ పొద్దున కూడా ఆయన అటక కొట్టించేద్దామన్నాడు. తమ్ముడు పేపరు మడిచి, "కొలత తప్పని ఒప్పుకోవడం కన్నా గోడ పగలగొట్టడం తేలికలే అన్నయ్యా నీకు," అన్నాడు.

అత్తగారు ఎప్పటిలాగే పెద్దకొడుకు పక్షం. హాల్లో బీరువా ఊగకుండా కాలికి చిల్లుల రేకుపట్టీ బిగించిందెవరని అడిగింది. బిగించి ఊరుకున్నాడా? నడిచేవాళ్ళ కాళ్ళు కోసుకోకుండా పట్టీ చివర్లు రెండేసి సార్లు మడిచి, సుత్తితో చదును చేశాడు. కర్టెన్ రాడ్డు నుంచి చెప్పుల స్టాండు దాకా ఆ ఇంట్లో వాడు బిగించిన ప్రతి పట్టీకీ ఆ మడత ఉంటుంది. అంత శ్రద్ధ ఇంకెవరికుందో చెప్పమంది.

పెద్దకోడలు ఈ పంచాయితీలో తలదూర్చలేదు. ఆమె వృత్తే పరిశోధన. ఒకప్పుడు బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకునేది, ఇప్పుడు సొంతంగా ఆఫీసు పెట్టుకుంది. బయట ఎదురుగా మేడమ్ అంటారు, వెనక భూతద్దం అంటారు. మొగుడికి ఆ వృత్తి మీద ఉన్న గౌరవం ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది: ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియదు గానీ ఊళ్ళో దొంగ ఎక్కడున్నాడో తెలుసు. చుట్టాలొచ్చినప్పుడల్లా ఆయన ఆ మాటంటాడు, చుట్టాలు నవ్వుతారు.

ఈసారి ఆమె కేసు ఇంట్లోనే ఉంది. వంటగదిలో, స్టూలు మీద, మూడు రోజులుగా దువ్వని జుట్టుతో.

చిన్నకోడలు గ్యాస్ అలారాలు తయారుచేసే కంపెనీలో సర్క్యూట్ పలకలు గీస్తుంది. పెద్దకొడుకు అదే కంపెనీలో సర్వీసు విభాగం అధిపతి. మరదలికి ఉద్యోగం ఆయన సిఫార్సుతోనే వచ్చింది, ఆ సంగతి ఆయన ఎవరినీ మర్చిపోనివ్వలేదు. ఆ అలారం గోడకి వేలాడుతుంది. గ్యాస్ లీకైతే లోపలున్న చిన్న రేడియో గేటు దగ్గరి సైరనుకి కబురు పంపాలి. ఒక లాండ్రీ బాయిలర్ గదిలో గ్యాస్ లీకైంది, అలారం కబురు పంపలేదు, బాయిలర్ మనిషి చచ్చిపోయాడు. కంపెనీ ఒక కన్సల్టెంటును పిలిపించింది. ఆయన లెక్కలు కట్టి, తప్పు పలక మీది యాంటెన్నాదీ దానికి వెళ్ళే రాగి గీతదీ అన్నాడు. గీసింది చిన్నకోడలు. నిర్లక్ష్యంతో ప్రాణం తీసిందని సోమవారం ఆమె మీద కేసు పెడతారు. ఆమె లాయరు పెద్దకోడలి సహాయం అడిగాడు.

ఈ గొడవంతటిలో బావగారు ఒక్క ముక్క మాట్లాడలేదు. బీరువా గురించే మాట్లాడాడు.

ముందురోజు వంటగదిలో పెద్దకోడలు తోడికోడల్ని ఒక్కటే అడిగింది, ఆ కన్సల్టెంటు లెక్క ఎలా కట్టాడో తనకి అర్థమయ్యేలా చెప్పమని. రాగితీగలో కరెంటు పారితే దాని చుట్టూ గాలిలో కూడా ఒక ప్రభావం పరుచుకుంటుందట. అదెంత దూరం, ఎటు పరుచుకుంటుందో లెక్కగట్టే ప్రోగ్రాముని సాల్వర్ అంటారట. సాల్వర్లలో మూడు రకాలున్నాయంది చిన్నకోడలు. మొదటిది సబ్బుకడ్డీని అడ్డంగా కోసి ఆ కోతముఖాన్ని మాత్రం చూస్తుంది. కడ్డీ ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకేలా ఉందని నమ్ముతుంది. తీగ తిన్నగా సాగినంత దూరం ఆ నమ్మకం చాలు. అది రెండు కొలతలది. రెండోది దొంతర పెట్టిన దుప్పట్లని చూస్తుంది. ప్రతి దుప్పటి మీదా పరిచిన రాగి బొమ్మని చూస్తుంది, ఒక దుప్పటి నుంచి ఇంకోదానికి గుచ్చిన సూదుల్నీ చూస్తుంది. కానీ ఆ దుప్పట్లకి అంచులుండవు, నాలుగు వైపులా అలా పోతూనే ఉంటాయి. దాన్ని రెండున్నర కొలతలదంటారు. మూడోది గది మొత్తాన్ని చిన్న చిన్న ముక్కలుగా నింపుకుని చూస్తుంది. గోడ, మూల, అంచు, మధ్యలో ఖాళీ, ఏదీ వదలదు. అదే మూడు కొలతలది. తెల్లవార్లూ నడుస్తుంది.

మందులు వేసుకోవడానికి నీళ్ళకోసం వచ్చిన అత్తగారు గుమ్మంలో ఆగి, "అర కొలతేమిటే? గుడ్డా కోయించుకోవడానికి?" అంది.

"అర కొలతే అత్తయ్యా. సూదుల్లో మాత్రం కరెంటు పైకీ కిందికీ పారుతుంది కదా, అందుకని ఆ అర ఇచ్చారు."

"మరి అంచులు లేకపోతే దుప్పటి ఎలా మడతపెడతారు?"

చిన్నకోడలు మూడు రోజుల్లో మొదటిసారి నవ్వింది. "అదే అక్కా నేనూ అడిగేది," అంది పెద్దకోడలి వైపు తిరిగి. "ఏ సాల్వరూ తప్పు కాదు. పలక మధ్యలో పనికి రెండున్నర బంగారం. కానీ నా యాంటెన్నా అంచులో ఉంది. ఏ కొలత వదిలేశామో గుర్తుపెట్టుకోవాలి కదా."

గీత తిన్నగా ఉన్నంతమేర రెండు కొలతలది వాడినా, చివరికి అలారం పెట్టెతో సహా మొత్తాన్ని మూడు కొలతల్లో చూశాకే పలక పంపానంది. పెట్టెలో ఉన్నవన్నీ చూసింది. గోడ మీద ఇంకేం ఉందో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

లాండ్రీకి ఇరుపక్షాలూ కలిసి వెళ్ళి చూడటానికి అనుమతి వచ్చింది. పెద్దకోడలు వెళ్ళేసరికి మేనేజరు ఒక్కడే ఉన్నాడు. ముక్కు చిట్లించి మాట్లాడే మనిషి. పోలీసులొచ్చారు, బీమావాళ్ళొచ్చారు, ఇప్పుడు ఆడవాళ్ళు కూడా వస్తున్నారని గొణిగి, బాయిలర్ గది తలుపు తీశాడు.

గది ఇరుకుగా, శుభ్రంగా ఉంది. బాయిలర్ కొత్తగా బాగుచేయించినట్టుంది. దానికి ఎదురు గోడకి, తలకి కాస్త ఎత్తులో, కొక్కెం. అలారం దానికి తగిలించేవారు, ఇప్పుడది కన్సల్టెంటు దగ్గరుంది. కొక్కెం ఎడమ పక్కన గోడకి ఒక చిల్లుల రేకుపట్టీ, అరచెయ్యంత పొడవున, గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చేలా నిలబడి ఉంది. అలారం అక్కడుంటే దాని ఎడమ అంచుకి వేలి మందం దూరంలో ఉంటుంది.

పెద్దకోడలు దగ్గరగా వెళ్ళి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత చూపుడువేలు పట్టీ పైచివరన పెట్టి నెమ్మదిగా నడిపింది. వేలు తెగలేదు.

ఇదెందుకుందని అడిగింది. మేనేజరు నిర్లక్ష్యంగా చెప్పాడు. బాయిలర్ నడిస్తే గోడ వణికేది, అలారం కొక్కెం మీదనుంచి జారి కిందపడేది. రెండుసార్లు పడ్డాక కంపెనీకి ఫోను చేసి నాలుగు తిట్టాడు. వాళ్ళ సర్వీసు మనిషి వచ్చి, అలారం పక్కకి జరిగితే ఆపేలా పట్టీ బిగించి, ఇక పడదన్నాడు. ఆ తర్వాత పడలేదు కూడా.

"పనిమంతుడే," అన్నాడు మేనేజరు. "రేకు చివర్లు మడిచి చదును చేశాడు, మావాళ్ళ చేతులు తెగకుండా. మీ పోలీసులకన్నా వాడే నయం."

ఆ తర్వాత అడగవలసిన ప్రశ్న ఒకటుంది. వచ్చినవాడు ఎలా ఉన్నాడు, ఎత్తెంత, వయసెంత? కొత్తగా ఈ వృత్తిలోకి వచ్చిన పిల్లలు కూడా మర్చిపోని ప్రశ్న అది. పెద్దకోడలు అది అడగలేదు. పట్టీ బిగించింది బాయిలర్ మనిషి పోవడానికి ముందేనా అని మాత్రం అడిగింది. ముందేనన్నాడు మేనేజరు, నెల్లాళ్ళ ముందు.

కన్సల్టెంటు ఆలస్యంగా వచ్చాడు. ఆలస్యానికి క్షమాపణ చెప్పే అలవాటు లేనివాడని నడకలోనే తెలిసింది. ఒక చేతిలో అలారం ఉన్న పెట్టె, ఇంకో చేతిలో ల్యాప్‌టాప్. పెద్దకోడలిని ఎగాదిగా చూసి, తోడికోడలి కేసు తోడికోడలే పరిశోధించడం తన సర్వీసులో ఇదే మొదటిసారి చూస్తున్నానన్నాడు. ఇక అత్తగారు తీర్పు చెబితే ముచ్చట పూర్తవుతుందని కూడా అన్నాడు. మేనేజరు పళ్ళికిలించాడు.

పెద్దకోడలు ఆయన్ని లెక్క చూపించమంది.

చూపించాడు. ల్యాప్‌టాప్ తెర మీద పలక బొమ్మ, దాని మీద ఎరుపు, పసుపు, నీలం. ఎర్రగా ఉన్నచోట బలం, నీలంగా ఉన్నచోట ఏమీ లేనట్టు. పిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. అలారాన్ని తన ల్యాబులో బల్ల మీద పెడితే పనిచేసిందట, ఇక్కడ పనిచేయలేదట, కాబట్టి గీతే నిలకడలేనిదట. గోడ మీది పట్టీని కూడా తను వదల్లేదట, లెక్కలో పెట్టి చూశాడట, దానివల్ల తేడా ఏమీ లేదట. ఆ అమ్మాయి గీతకి వాడింది రెండు కొలతల సాల్వరట. చెబుతూ పెదవి విరిచాడు. తను వాడింది రెండున్నర.

"ఈ బొమ్మలో పట్టీ ఎక్కడుంది?" అంది పెద్దకోడలు.

ఆయన వేలితో చూపించాడు. పలక పక్కన సన్నటి చార.

"పడుకుని ఉందే."

"అంటే?"

"గోడ మీద పట్టీ నిలబడి ఉంది. మీ బొమ్మలో పలకతోపాటు పడుకుని ఉంది."

"అది సాంకేతికమైన సర్దుబాటు మేడమ్. మీకు అర్థం కాదు."

"మా ఇంట్లో ఒక బీరువా ఉంది. అర్థమవుతుంది." ఆమె తెర మీదకి వంగింది. "పలక అంచేది?"

ఆయన నిట్టూర్చి ఒక నల్లగీత చూపించాడు. ఆ గీత దాటాక కూడా రంగు లోపలి తీరులోనే పరుచుకుంది కదా, ఎందుకని అడిగిందామె. ఆయన జవాబు చెప్పే లోపలే తనే చెప్పింది. ఆ సాల్వరుకి అంచులు తెలియవు. దాని దృష్టిలో పలక ఈ గోడ దాటి, లాండ్రీ దాటి, వీధి దాటి పోతూనే ఉంటుంది.

"నల్లగీత మీరు గీసుకున్నారు. లెక్కకి చెప్పలేదు. మా అమ్మాయి యాంటెన్నా అంచులోనే పెట్టింది. అంచే లేని లెక్కలో అంచు పక్కన నిలబడ్డ రేకు ఏం చేస్తుందో మీకెవరు చెప్పారు?"

"ప్రపంచమంతా పలకలకి ఇదే వాడుతుంది."

"పలకలకి వాడుతుంది. గోడలకి వాడదు. మూడు కొలతలది తెల్లవార్లూ నడుస్తుందటగా. మీకు నిద్ర ముఖ్యమైంది."

కన్సల్టెంటు మెడ ఎర్రబడింది. వంటింటి పాండిత్యం ఇక చాలన్నాడు. సరే, వంటింటి పద్ధతిలోనే చూద్దామందామె. అలారం కొక్కేనికి తగిలించి పరీక్ష మీట నొక్కమని మేనేజరుకి చెప్పింది. సైరను గేటు దగ్గరుంది, మోగితే వీధంతా వినిపిస్తుంది.

మేనేజరు నొక్కాడు. ఇస్త్రీ మిషన్ల బుసలు తప్ప ఇంకేమీ వినపడలేదు. మళ్ళీ నొక్కాడు. బ్యాటరీ అయిపోయుంటుందన్నాడు కన్సల్టెంటు.

పెద్దకోడలు సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసి పట్టీ స్క్రూలు రెండూ విప్పింది. పట్టీ చేతిలోకొచ్చాక, నొక్కమంది. గేటు దగ్గర సైరను పెద్ద గొంతుతో అందుకుంది. ఇస్త్రీ చేసేవాళ్ళు ఎక్కడివక్కడ వదిలి వరండాలోకి పరుగెత్తుకొచ్చారు. ఆమె పట్టీని మళ్ళీ అదే చోట నిలబెట్టి పట్టుకుంది. సైరను ఆపించి, నొక్కించింది. నిశ్శబ్దం. తీసేసింది. మళ్ళీ మోత.

మనిషి ప్రాణం తీసింది ఇంతే. అరచెయ్యంత రేకు.

మేనేజరు తిట్టుకుంటూ సైరను ఆపడానికీ, జనాన్ని లోపలికి తోలడానికీ గేటు వైపు పోయాడు. ఇద్దరే మిగిలారు. కన్సల్టెంటు ల్యాప్‌టాప్ మూశాడు. ఆయన గొంతు అకస్మాత్తుగా మర్యాద నేర్చుకుంది.

"మేడమ్, పట్టీ ఊడదీశాక మీరు మేనేజర్ని ఒక మాట అడగాల్సింది. ఈ పట్టీ ఎవరు బిగించారని."

ఆమె స్క్రూడ్రైవరు సంచిలో పెట్టుకుంది.

"అడగలేదంటే తెలుసన్నమాట. కంపెనీ ఫైల్లో నేను చూశాను. సర్వీసు అధిపతి స్వయంగా వచ్చి మొదటి పట్టీ బిగించి, ఆ మోడల్ ఉన్న ప్రతిచోటా ఇలాగే బిగించమని మనుషుల్ని పంపారు. మీవారే కదా?"

తర్వాత చెప్పిందాన్ని ఆయన ఎంతో దయగా చెప్పాడు. ఇద్దరూ కలిసి ఒక రిపోర్టు రాద్దాం. తప్పు గీతదీ కాదు, పట్టీదీ కాదు, బాయిలర్ గది తేమది. తేమ మీద ఎవరూ కేసు పెట్టరు. మీ తోడికోడలు బయటపడుతుంది. మీవారి పేరు రాదు. నా లెక్క జోలికి మీరు రారు. మేనేజరుకి అర్థమయిందేమీ లేదు, వాడు సైరను గోలలో ఉన్నాడు.

"అలాంటి పట్టీలు ఎన్నిచోట్ల ఉన్నాయి?" అందామె.

"ఉంటాయి, చాలానే. హాస్టళ్ళ వంటగదులు, హోటళ్ళు, ఆస్పత్రులు. వచ్చే ఏడు కొత్త మోడల్ వస్తుంది, మెల్లగా మార్చేస్తారు. అంతవరకు అన్నిచోట్లా గ్యాస్ లీకవుతుందా ఏమిటి?"

పెద్దకోడలు పట్టీని రుమాల్లో చుట్టి సంచిలో పెట్టుకుంది. "తెలివితక్కువవాడని అనుకున్నాను మిమ్మల్ని," అంది. "పొరపాటు పడ్డాను. మీకు తెలివి ఉంది." అదేమీ పొగడ్త కాదని ఆయనకు అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. అప్పటికామె వీధిలో ఉంది, ఫోను చెవి దగ్గర పెట్టుకుని.

ఇంటికొచ్చేసరికి అందరూ హాల్లోనే ఉన్నారు. బీరువా కొట్టువాడు వచ్చి చూసి వెళ్ళాడట. వెనక్కి తీసుకోనన్నాడట. పెద్దకొడుకు అటక పగలగొట్టడానికి మనిషిని మాట్లాడాడట. తమ్ముడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. చిన్నకోడలు గుమ్మానికి ఆనుకుని నిలబడి, పెద్దకోడలి మొహంలో ఏదో వెతుకుతోంది.

పెద్దకోడలు కుర్చీ లాక్కుని కూర్చుంది. సంచిలోంచి రుమాలు తీసి, విప్పి, పట్టీని బల్ల మీద పెట్టింది. రెండు చివర్లూ రెండేసి సార్లు మడిచి, చదును చేసి ఉన్నాయి. బీరువా కాలి దగ్గర అలాంటిదే ఇంకొకటి ఉంది. అత్తగారు దీన్నీ దాన్నీ చూసింది.

"దీన్ని ఎక్కడ పరీక్షించారు?" అంది పెద్దకోడలు మొగుడితో.

ఆయన పట్టీని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "బల్ల మీద," అన్నాడు. "అలారం పడుకోబెట్టి, పట్టీ పక్కన పెట్టి కొలిచాను. సరిపోయింది."

"మోగించి చూశారా?"

"అలారం జారిపోతోందని తిడుతున్నారు. జారకుండా చెయ్యడం నా పని. మోగడం నా పని కాదు."

చిన్నకోడలు గుమ్మం దగ్గర కదిలింది. "బావగారూ, పట్టీ బిగిస్తున్నామని నాకొక్క మాట చెప్పి ఉంటే..." అంది. మిగతాది అనలేదు. చెప్పి ఉంటే ఆమె తెల్లవార్లూ సాల్వర్ నడిపేది. పొద్దున్నే వద్దనేది. రేకుపట్టీ బిగించడానికి మరదలి అనుమతేమిటని ఆయన అనుకుని ఉంటాడు. ఆ సంగతి హాల్లో అందరికీ తెలుసు.

"నీకు తెలుసా అన్నయ్యా?" అన్నాడు తమ్ముడు. ఇప్పుడతను నవ్వడం లేదు. "ఇన్నాళ్ళూ నీకు తెలుసా?"

అనుమానం వచ్చిందన్నాడు పెద్దకొడుకు. కన్సల్టెంటు పట్టీ వల్ల కాదని తేల్చాడు కనక ఊరుకున్నానన్నాడు. పెద్దవాళ్ళు లెక్కలుగట్టి చెప్పాక కాదనడానికి తనెవరన్నాడు. ఎప్పుడూ లేనిది ఆవేళ ఆయనకి వినయం వచ్చింది.

అత్తగారు తేరుకుని, ఈ విషయం ఇంట్లోనే ఉండాలంది. కోడలు ఇంట్లో మనిషినే పట్టిస్తుందా అంది.

"జైలుకి పంపబోయింది కూడా ఇంట్లో మనిషినే కదా అత్తయ్యా," అంది పెద్దకోడలు. గొంతు పెంచలేదు. ఉప్పు డబ్బా ఎక్కడుందని అడిగినవాళ్ళకి చెప్పినట్టే చెప్పింది. "దారిలోంచే పోలీసు అధికారికి ఫోన్ చేశాను. ఈ పట్టీలన్నీ ఊడబీకే పని మొదలయింది. తేమ కథ ఒకటి నాకు అమ్మజూపారని కూడా చెప్పాను. ఎవరు బిగించమన్నారని ఆయన అడిగారు. ఆ జవాబు నేనివ్వలేదు. సాయంత్రం ఆయనే ఇక్కడికి వస్తున్నారు," అంటూ మొగుడి వైపు తిరిగింది. "ఆయనకి మీరు చెబితే మీరు చెబుతారు. చెప్పకపోతే నేను చెబుతాను. అటక మనిషిని రావద్దనండి. బీరువా అక్కడే ఉంటుంది."

పెద్దకొడుకు లేచి, ఒళ్ళు ముడుచుకుని బీరువా పక్కనుంచి నడిచి, సాయంత్రానికి ఇస్త్రీ చొక్కా కోసం గదిలోకి వెళ్ళాడు.